కోల్డ్ స్టోరేజీలో సెన్సర్ పలకకపోతే

ఈ వారమంతా గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల టెంపరేచర్ లైన్ల పనే. సెన్సర్లను ప్యానెల్‌కు కలిపే ఆర్‌ఎస్-485 లైన్ అంటే ఏ, బీ అని రెండు తీగలు. వాటి మీదే ప్రశ్న వెళ్లాలి, వాటి మీదే జవాబు రావాలి. అందుకే మోడ్‌బస్‌లో, అంటే ఆ తీగల మీద నడిచే మాటల పద్ధతిలో, మాస్టర్ (రీడింగ్ అడిగే కంట్రోలర్) పేరు పెట్టి పిలిస్తేనే సెన్సర్ పలుకుతుంది.

ఆ పేరే అడ్రస్, 1 నుంచి 247 దాకా. కొత్త సెన్సర్లు చాలావరకు 1తోనే వస్తాయి. రెండింటిని అలాగే కలిపితే రెండూ ఒకేసారి పలుకుతాయి, సీఆర్‌సీ ఎర్రర్ (జవాబు చెడిపోయి వచ్చిందన్న గుర్తు) వస్తుంది. ఒక్కోదాన్ని విడిగా పెట్టి నంబరు మార్చి, డబ్బా మీద మార్కర్‌తో రాసేయండి.

అడ్రస్‌లు సరిగ్గా ఉన్నా రీడింగ్ వచ్చిపోతోందా? పవర్ ఆపి ఏ, బీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. 60 ఓమ్‌ల దగ్గర చూపించాలి. 120 అంటే ఒక చివర, సిగ్నల్ వెనక్కి రాకుండా ఆపే రెసిస్టర్ లేదు, 40 అంటే మధ్యలో ఎవరో మూడోది పెట్టారు. రెండు చివర్లలోనే, ఒక్కో 120 ఓమ్.

ప్యానెల్ నుంచి ఛాంబర్‌కో వైరు లాగడం మాత్రం దయచేసి వద్దు. ఆ కొమ్మల చివర సిగ్నల్ తగిలి వెనక్కొస్తుంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి గొలుసులా పోవాలి. లోపలున్నది రైతు ఏడాది కష్టం, వైరు మిగుల్చుకునే చోటు కాదిది.

ఏ, బీ తారుమారైతే కంగారొద్దు, కాలిపోదు. మార్చి చూడండి, కొన్ని కంపెనీలు గుర్తులే తిరగేసి వేస్తాయి. కేబుల్ మాత్రం డబ్బాలోకి కింద నుంచే ఎక్కించండి. పైనుంచి దింపితే చెమ్మ వైరు వెంట జారి టెర్మినల్‌కు పచ్చటి చిలుము పడుతుంది.