ఊడ్చే వంతు ఎవరిది?

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మేముండే భవనంలో పై అంతస్తు పెద్దావిడకు డెబ్బై ఏళ్ళు దాటాయి. మోకాళ్ళ నొప్పితో ఒక్కొక్క మెట్టే దిగుతూ తుడుస్తుంటే చూడలేక, ఈసారికి నేను చేసిపెడతానని చీపురు అందుకోబోయాను. ఆమె ఇవ్వలేదు. ఈ వారం వంతు తనదని, నా వంతు వచ్చినప్పుడు నేను చేస్తే చాలునని కాస్త కటువుగానే అన్నారు. పెద్దవాళ్ళ చేతిలో పని అందుకోవడమే మర్యాదని నమ్మి పెరిగిన నాకు ఆ మాట చాలాకాలం గుచ్చుకుంది.

ఈ వంతును ఇక్కడ కేర్‌వోఖె అంటారు. వంతుకు గుర్తుగా తలుపుకు పలక తగిలించి ఉన్న ఇంటివారే ఆ వారం తమ అంతస్తు మెట్లు తుడవాలి. భవనం ముందరి కాలిబాట, నేలమాళిగ, చలికాలంలో మంచు తొలగించడం మరొక వంతు. 1492 నాటి నగర శాసనమే ఎవరి పెంటను వారు వారం వారం బయటికి తరలించాలని ఆదేశించింది. మాన్‌ఫ్రెడ్ రోమ్మెల్ మేయరుగా ఉన్న కాలంలో, 1988లో, వారం వారం ఊడ్చి తీరాలన్న నగర నిబంధనను ఎత్తివేసినా, అద్దె ఒప్పందాలలో మాత్రం అది ఇంకా బతికే ఉంది.

మనవాళ్ళకు శుభ్రత తెలియదంటే నేను ఒప్పుకోను. తెనాలిలో మా అమ్మ రోజూ తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెడుతుంది. ఇక్కడి ఏ గుమ్మానికీ ఆ కళ లేదు. అయితే ఊడ్చిన చెత్త ముగ్గు దాటి వీధి కాలవ పక్కకు చేరిన తరువాత దాన్ని ఎత్తవలసినది ఎవరన్నది మా ఇంట్లో ఎన్నడూ చర్చకు రాలేదు. తరతరాలుగా ఆ పనిని కొన్ని కులాలకు అప్పగించి, ఎత్తేవారినే అపరిశుభ్రులుగా చూసిన సమాజం మనది. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చినా, 2013లో మరొకటి తేవలసి వచ్చింది. పెద్దావిడ మాటలో మొండితనం ఉందని నేను ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆమె దృష్టిలో మెట్లు తుడవడం ఎవరి స్థాయినీ తగ్గించే పని కాదు. మా విభాగాధిపతి కూడా శనివారం తన ఇంటి ముందు ఊడ్చి, సోమవారం మాకు సమావేశం నిర్వహిస్తాడు.

2023 డిసెంబరు చివర ఆంధ్రప్రదేశ్‌లో పురపాలక పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేసినప్పుడు బంధువులతో ఫోనులో దుర్వాసన గురించి ఎంతో విన్నాను, వారి జీతాల గురించి చాలా తక్కువగా విన్నాను. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త ఇంట్లోనే వేరుచేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ప్రతి కుటుంబాన్నీ ఆదేశించాయి. విజయవాడలో తమ్ముడుండే అపార్ట్‌మెంటులో కనీసం అది పాటించి, మెట్లు కూడా ఇంటికొక వారం చొప్పున పంచుకోమని అడిగాను. "వాచ్‌మన్ ఉన్నాడు కదా అన్నయ్యా, జీతం ఇస్తున్నాం కదా" అన్నాడు. వాచ్‌మన్ కుటుంబం మెట్ల కింద ఒకే గదిలో ఉంటుంది. పన్నెండు ఇళ్ళ చెత్తను అతని భార్య చేతులతో వేరుచేస్తుంది. ఆ పనిని మొదట మన వంటింట్లోనే చేద్దామని తమ్ముడితో వాదిస్తూనే ఉన్నాను.