ఆ రెండు సెకన్లు

పదకొండు దాటింది. లైటు తీసేసి పడుకున్నాక కూడా చూపుడు వేలు ఇంకా ఏదో కీ కొడుతున్నట్టే ఉంది. నిద్ర పట్టేలా లేదని లేచి కూర్చున్నాను.

నాన్న లాప్‌టాప్‌లో ఇప్పటిదాకా విండోసే ఉంది. ఈ ఆదివారం దాంట్లో లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వేస్తానని ఆయనకి పోయిన వారమే మాటిచ్చాను. లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ నిన్న రాత్రే తయారు చేసి పెట్టుకున్నాను. తొమ్మిదింటికి కూర్చుంటే పదిన్నరకల్లా అయిపోతుందనుకున్నాను. మెషీన్ దేంట్లోంచి మొదలవ్వాలో ఎంచుకునే బూట్ మెనూ దగ్గరే మధ్యాహ్నం అవుతుందని ఎవరనుకుంటారు?

ఎక్కడ చదివినా మొదటి వాక్యం ఒకటే: "బూట్ కీ నొక్కి పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోండి." అంతే. డిస్క్‌ని భాగాలు చేసే పార్టిషన్ల గురించి పేజీలకు పేజీలు రాస్తారు, బొమ్మలు పెడతారు, హెచ్చరికలు పెడతారు. ఈ ఒక్క మెట్టు మాత్రం అందరికీ వచ్చేసినట్టే దాటేస్తారు. ఏ కీ? ఎప్పుడు నొక్కాలి? ఎంతసేపు? నాకు పొద్దుటి నుంచి కోపం తెప్పిస్తున్నది ఆ వాక్యమే.

నాన్నకి పెద్ద అక్షరాలున్న వైర్‌లెస్ కీబోర్డు ఇచ్చాం కదా, మొదట దాంతోనే కొట్టాను. ఎఫ్12, ఎఫ్12, ఎఫ్12. లోగో ఇలా వచ్చి అలా పోయింది, విండోస్ వచ్చి పాస్‌వర్డ్ అడిగింది. మళ్ళీ ఆపి, మళ్ళీ ఎఫ్2. మళ్ళీ ఎస్కేప్. ఐదోసారికి గానీ కీబోర్డు మీద అనుమానం రాలేదు. త్వరగా లేవాలని బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందే మెషీన్‌ని లేపే ప్రోగ్రాంలో, ఫాస్ట్ బూట్ పెట్టి ఉంటే, యూఎస్‌బీకి తగిలించినవాటిని మెషీన్ ఆ మొదటి క్షణాల్లో పట్టించుకోకపోవచ్చు. అంటే నేను కొడుతున్న కీలు అసలు ఎవరికీ వినపడడం లేదు.

సరే అని లాప్‌టాప్ సొంత కీబోర్డు మీదికి వచ్చాను. దాని పై వరుసేమో వాల్యూమ్, వెలుతురు పనులకు పెట్టి ఉంది. ఎఫ్12 కావాలంటే ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి. ఆ రెండూ కలిపి నొక్కేలోపు లోగో పోయింది. ఈలోపు నాన్న వెనక నుంచి రెండుసార్లు అడిగారు, "ఏమ్మా, అయిందా?" అని. రెండోసారి కొంచెం విసురుగానే జవాబిచ్చాను. ఆ సంగతి ఇప్పుడు ఎక్కువ బాధగా ఉంది.

అసలు ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క కీ ఎందుకుండాలి? ఒకరికి ఎఫ్12, ఒకరికి ఎఫ్9, ఇంకొకరికి ఎస్కేప్, కొన్ని మదర్‌బోర్డులకు ఎఫ్11, కొన్నిటికి ఎఫ్8. బయోస్ సెట్టింగులకైతే మళ్ళీ వేరే: ఎఫ్2, ఎఫ్10, డిలీట్. ఒకే కంపెనీ లాప్‌టాప్‌కి ఒకటి, డెస్క్‌టాప్ బోర్డుకి ఒకటి. కంప్యూటర్‌ని మళ్ళీ మొదలెట్టే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ చూడండి. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ కోసం డేవిడ్ బ్రాడ్లీ అనే ఇంజినీరు పెట్టింది అది. పొరపాటున తగలకూడదని, ఒక్క చేత్తో నొక్కడం కష్టమయ్యేలా దూరదూరంగా ఉన్న కీలు చూసి ఎంచుకున్నాడు. నొక్కేవాళ్ళ చేతుల గురించి అంత ఆలోచించాడు! తర్వాత పీసీలు చేసిన వాళ్ళందరూ ఆ మూడింటినే తీసుకున్నారు. బూట్ మెనూకి కూడా అలా ఒక్క కీ మీద ఒప్పుకుని ఉంటే ఎంత బాగుండేది.

ఇలా కొడుతుంటే మా పాత డెస్క్‌టాప్ గుర్తొచ్చింది. విండోస్ ఎక్స్‌పీ ఉండేది దాంట్లో. మర్నాడు నేను కాలేజీలో ప్రాజెక్టు ఇవ్వాలి, ఆ రాత్రి అది లేవలేదు. విండోస్ బొమ్మ దాకా వచ్చి, నల్లగా అయిపోయి, మళ్ళీ మొదటికి. అలా ఎన్నిసార్లు తిరిగిందో. నేను ఏడుపు మొహం పెట్టుకుని నిలబడితే అన్నయ్య నిద్ర కళ్ళతో వచ్చి కుర్చీ లాక్కున్నాడు. మెషీన్ ఆన్ చేశాడు. బీప్ అంది. ర్యామ్ లెక్కపెట్టుకుంది, హార్డ్‌డిస్క్ పేరు, సీడీ డ్రైవ్ పేరు ఒక్కొక్కటే తెల్లటి అక్షరాల్లో వచ్చాయి. కింద ఓ మూల సెటప్‌కి ఏ కీ నొక్కాలో కూడా రాసి ఉండేది. "ఎఫ్8 నొక్కి పట్టుకోకు, కీబోర్డు ఎర్రర్ అంటుంది. టక్ టక్‌మని కొడుతూ ఉండు" అని నా వేలు తీసి ఆ కీ మీద పెట్టాడు.

కొట్టాను. నల్లటి తెర మీద వరుసగా సేఫ్ మోడ్, సేఫ్ మోడ్ విత్ నెట్‌వర్కింగ్, ఇంకా ఏవేవో. అన్నయ్య బాణం గుర్తు కీతో దిగుతూ 'లాస్ట్ నోన్ గుడ్ కాన్ఫిగరేషన్' దగ్గర ఆగాడు. అంటే ఏమిటని అడిగితే, "ఆఖరిసారి అన్నీ బాగున్నప్పుడు ఎలా ఉందో అలా మొదలెట్టు అని దానికి చెప్పడం" అన్నాడు. ఎంటర్ కొట్టాడు. లేచింది! ప్రాజెక్టు ఫైలు ఎక్కడిదక్కడే ఉంది. వాడు మాత్రం పడుకోలేదు. డిస్క్ మీద నమ్మకం లేదంటూ అంతా సీడీలోకి ఎక్కించేదాకా నా పక్కనే కూర్చున్నాడు. ఆ రాత్రి తర్వాత ఏ కంప్యూటర్ చెడినా నాకు భయం వేయలేదు. ఎఫ్8 ఉందిగా అనిపించేది.

ఆ ఎఫ్8 కూడా ఇప్పుడు అలా లేదు. 2012లో విండోస్ 8 తెచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ వాళ్ళే చెప్పారు: కొత్త మెషీన్లు ఎంత వేగంగా లేస్తున్నాయంటే, కీ నొక్కారేమో చూసే సమయం కొన్నిటిలో 200 మిల్లీసెకన్ల కన్నా తక్కువ అని. సెకనులో ఐదో వంతు. ఇది చదివాక నా కోపం కాస్త పక్కకి జరిగింది. అందరూ ఎఫ్12 మీదే ఒప్పుకున్నా ఇవాళ నాకు ఒరిగేదేముంది? పట్టుకునేంత వ్యవధి లేనప్పుడు ఏ కీ అయితే ఏం. పైగా అన్నయ్యతో కూర్చున్న ఆ రాత్రి మెషీన్ నాకోసమేమీ ఆగలేదు. దాని పని అది నెమ్మదిగా చేసుకుంటుంటే మధ్యలో నాకు చోటు దొరికింది, అంతే.

చివరికి దారి దొరికింది విండోస్‌లోంచే. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ మీద నొక్కితే నీలం తెర వస్తుంది. అక్కడ 'యూజ్ ఎ డివైస్' అని ఉంటుంది, దాంట్లో నా పెన్‌డ్రైవ్ పేరు కనపడింది. నలభై సెకన్ల పని. ఒక్క ఎఫ్ కీ అక్కర్లేదు.

అప్పుడు అనిపించింది, ఇదే సరైన పద్ధతి కదా అని. మెలకువగా ఉన్నప్పుడే అడగడం, పడుకుని లేచే ఆ క్షణంలో వెంటపడకుండా. సాయంత్రం దాకా అదే మాట మీద ఉన్నాను. ఇప్పుడు రాస్తుంటే ఆ మాట నిలవడం లేదు. ఎక్స్‌పీ లేవని రాత్రి రీస్టార్ట్ బటన్ ఎక్కడుంది? విండోస్ వరుసగా కొన్నిసార్లు లేవలేకపోతే ఇప్పుడు తనే రిపేర్ తెర తెస్తుందంటారు, నిజమే. కానీ దాని కోసం కొందరు పవర్ బటన్ నొక్కి పట్టి మధ్యలో మధ్యలో ఆపేయమని చెబుతారు. నాన్న ఫోటోలన్నీ ఉన్న డిస్క్‌తో నేను ఆ పని చేయను. లేవలేని మెషీన్‌కే ఆ మెనూ ఎక్కువ అవసరం, మళ్ళీ దాన్ని అందుకోవడానికే లేచి ఉండాలంటే ఎలా?

మిగతాదంతా తొందరగానే అయింది. విండోస్‌లో ఉండే ఫాస్ట్ స్టార్టప్ తీసేశాను, బయోస్‌లోని ఫాస్ట్ బూట్ వేరు. అది ఉంటే షట్‌డౌన్ అన్నా విండోస్ పూర్తిగా ఆగదు, కొంత భాగాన్ని డిస్క్‌లో దాచుకుని నిద్రపోతుంది. ఆ స్థితిలో లినక్స్ నుంచి ఆ పార్టిషన్ మీద రాయనివ్వదు కూడా. విండోస్ తీయలేదు, నాన్న అలవాటుపడ్డ పాత సాఫ్ట్‌వేర్ దాంట్లోనే ఉంది. ఒక్కసారి మాత్రం ప్రాణం పోయినంత పనైంది. లినక్సా, విండోసా అని మొదట్లో అడిగే గ్రబ్ మెనూ వస్తుందో రాదోనని ఎస్కేప్ ఒకటికి రెండుసార్లు కొట్టాను, నల్లటి తెర మీద 'గ్రబ్>' అని ఒక్క మాట వచ్చి ఆగిపోయింది. చేతులు చల్లబడ్డాయి. 'నార్మల్' అని టైప్ చేసి ఎంటర్ కొడితే మెనూ తిరిగొచ్చింది.

తర్వాత గ్రబ్ సెట్టింగుల ఫైలు తెరిచి, మెనూ దాక్కోకుండా పెట్టి, అది ఎదురుచూసే టైమ్‌అవుట్ 30 సెకన్లు చేశాను. ఆ మార్పు పట్టేలా అప్‌డేట్-గ్రబ్ అనే కమాండ్ కొట్టి, మళ్ళీ ఆన్ చేసి నాన్నని పిలిచాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని పై నుంచి కింద దాకా ఒక్కొక్క వరుసా చదివారు. 17 దగ్గర అంకెలు తగ్గుతుంటే "అయిపోతోందమ్మా, అయిపోతోంది" అని కంగారుపడ్డారు. కింది బాణం ఒకసారి నొక్కమన్నాను. లెక్క ఆగిపోయింది. "ఆగింది" అన్నారు. అవును నాన్నా, మీరు ఎంటర్ కొట్టేదాకా ఇలాగే ఉంటుంది అన్నాను. రెండు బాణాలూ మార్చి మార్చి నొక్కుతూ చాలాసేపు అక్కడే ఉన్నారు. లినక్స్‌లోకి ఇంకా వెళ్ళనేలేదు.

వైర్‌లెస్ కీబోర్డు మాత్రం ఆ మెనూలో పనిచేయడం లేదు. రేపు ఆఫీసు నుంచి రాగానే బయోస్‌లోకెళ్ళి ఫాస్ట్ బూట్ తీసి చూడాలి. ఆ కీ ఎఫ్2 అని ఇవాళ తేలింది, ఎఫ్ఎన్‌తో కలిపి. చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి మూత లోపల అతికించాను.