పెంకుటింటి కప్పుతో 12 ఏళ్లు

నాన్న తర్వాత ఇల్లు నా చేతికి వచ్చి 12 ఏళ్లయింది. వచ్చీ రాగానే గోడలకు రంగులు వేయించాను, కరెంటు వైర్లు మార్పించాను. పైన పెంకుల సంగతి మాత్రం మూడో ఏడు దాకా పట్టించుకోలేదు. ఆ ఏడు వానలకు మంచం పక్కన చుక్క పడింది. మర్నాడే మనిషిని పిలిచి, సరిగ్గా ఆ చోటికి పైనున్న నాలుగు పెంకులు మార్పించాను. తర్వాతి వానకు మళ్లీ అక్కడే చుక్క. ఈసారి ఇంకొకతను వచ్చి పెంకుల సందుల్లో సిమెంటు మెత్తి వెళ్లాడు. ఒక ఏడు ఆగింది. పైయేడు గోడంతా చెమ్మ పట్టింది. మబ్బు పట్టినప్పుడల్లా ఇంట్లో అందరికీ టెన్షనే.

అప్పుడు దొరికాడు ఒక పెద్దాయన. వయసంతా పెంకుల పనిలోనే గడిపిన మేస్త్రీ. వచ్చినవాడు నిచ్చెన అడగలేదు, టార్చి అడిగాడు. ఇద్దరం అటక ఎక్కాం. "బాబూ, చుక్క పడ్డ చోటు వదిలెయ్. ఈ మరక ఎక్కడ మొదలైందో చూడు" అంటూ వాసం మీద వేలు పెట్టాడు. నల్లటి చార ఒకటి వాసం వెంట పైకి పాకి, దాదాపు ఎనిమిది అడుగుల అవతల, కప్పు రెండు వాలులూ కలిసే మూల దగ్గర ఆగింది. నీళ్లు దిగేది అక్కడ! అక్కడ్నుంచి వాసం అడుగున జారుతూ వచ్చి, ఒక మేకు అడ్డం తగిలిన చోట చుక్కయి రాలుతున్నాయి. మూడేళ్లుగా నేను బాగు చేయించినవన్నీ మంచి పెంకులే.

అయినా రూఢి చేసుకోవాలన్నాడాయన. పైపుతో కింది వరస నుంచి మొదలుపెట్టి, ఒక్కో చోట పది నిమిషాలు నీళ్లు వదులుతూ పైకి వెళ్లాం. ముందే పైన పోస్తే నీళ్లు అన్నిటి మీదా పారి, తప్పు ఎక్కడుందో తెలియదు. నేను లోపల టార్చితో కూర్చున్నాను. మూల దగ్గరికి రాగానే వాసం తడిసింది.

ఆ మూలలో వాలు నీళ్లన్నీ దిగడానికి రేకు దోనె ఉంటుంది. మా దోనెలో ఆకులు పేరుకుని మట్టిలా గట్టిపడ్డాయి. ఆ తేమకు రేకు తుప్పు పట్టి చిల్లులు పడింది. పెద్ద వానకు నీళ్లు అంచు దాటి పెంకుల కిందికి పోతున్నాయి. సిమెంటు మెత్తిన చోట చూస్తే ఇంకా బాధేసింది. పెంకు ఎండకు సాగుతుంది, చల్లబడితే కుంచించుకుంటుంది. సిమెంటు బిరుసుగా ఉండి సన్నగా చీలిపోయింది. ఆ చీలికలోంచి దిగిన నీళ్లకు మామూలుగా జారిపోయే దారి కూడా మూసుకుపోయి, కింద పెంకులు ఆనే అడ్డచెక్క, అదే రీపరు, నానిపోయింది. పైకి బాగానే కనిపిస్తున్న ఆ చెక్కలో స్క్రూడ్రైవర్ గుచ్చితే వెన్నలో దిగినట్టు దిగింది.

ఆ వైపు వాలంతా విప్పించాను. పెద్దాయన ఒక్కో పెంకునూ చేతిలో పట్టుకుని వేలి కణుపుతో కొట్టి విన్నాడు. ఖంగుమన్నది ఒక కుప్ప, మొద్దుగా పలికింది ఇంకో కుప్ప. చాలావరకు ఖంగుమన్నాయి. బాగా కాలిన మట్టి పెంకు మనిషి జీవితకాలం ఉంటుంది. ముందు పోయేవి దాని కింది చెక్కా, రేకూ, కప్పు నడినెత్తిన ఉండే కొప్పు దగ్గరి సున్నమూ. చెడిపోయిన రీపర్లు తీసేసి కొత్తవి వేశాం. దోనెకు ఇంకాస్త వెడల్పు రేకు, అంచులు పైకి మడిచి.

తక్కువ పడ్డ పెంకుల కోసం కొత్తవి తెస్తే ఇంకో చిక్కు. మట్టి ఆరేటప్పుడూ కాలేటప్పుడూ కుంచించుకుంటుంది, అచ్చును బట్టి కొలత కాస్త మారుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల తేడాకే గాడి గాడిలో కూర్చోలేదు. చిన్న వసారా మీదున్న పాత పెంకులన్నీ దింపి ఇంటి వాలుకు వాడాం, కొత్తవన్నీ వసారాకు వేశాం. ఈ ఉపాయం నాకు ఎప్పటికీ తట్టేది కాదు. మిగిలిన పాతవి 30 జాగ్రత్తగా నిలబెట్టి దాచాను.

ఆ తర్వాత చేసిన తప్పు ఒకటి చెప్పాలి. పాచి పోవాలని ప్రెషర్ పంపుతో కప్పు కడిగించాను. రెండు రోజులు ఎర్రగా మెరిసింది. కానీ ఆ ధాటికి పెంకుల పైపొర గరుకు తేలింది. నీళ్లు పీల్చే గుణం పెరిగి, పాచి మునుపటి కంటే త్వరగా వచ్చింది. పైగా ఎదురు కొట్టిన నీళ్లు సందుల్లోంచి అటక మీదికి చిమ్మాయి. ఇప్పుడు బాగా ఎండిన రోజుల్లో పొడి బ్రష్‌తోనే గీకిస్తున్నాను. కప్పు మీదికి వంగిన కొమ్మలు కొట్టించాక పాచి సగం తగ్గింది.

ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, వెలిశాక ఒకసారి చూస్తాను. నేల మీద నుంచి బైనాక్యులర్స్‌తో వరసలు సూటిగా ఉన్నాయా అని చూసి, దోనె శుభ్రం చేయిస్తాను. ఎక్కాల్సి వస్తే నిచ్చెన నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున గోడకు దూరంగా పెట్టి, ఇంకొకరిని పట్టుకోమంటాను. పెంకు నడిమధ్య కాలు పెట్టకూడదు, కింద ఆసరా ఉండదు. కింది అంచు దగ్గర, పెంకు మీద పెంకు ఆనిన చోట పెట్టాలి. చెక్క పలక పరిచి నడిస్తే ఇంకా మేలు. తడి కప్పు మీదికి మాత్రం ఎవరినీ ఎక్కనివ్వను.

కప్పు బొమ్మ గీసిన నోట్‌బుక్ ఒకటుంది. ఏ వరసలో ఏం చేయించానో తేదీతో రాస్తాను. ఈ ఏడు తొలి వాన రాత్రి అటకెక్కి దోనె పక్క రీపరు మీద అరచేయి ఆనించాను. పొడిగా ఉంది. కొప్పు దగ్గర ఒక చోట సున్నం పెచ్చు లేచినట్టు కనిపించింది. వానలు వెలిశాక చేయించాలని రాసుకున్నాను.