పాలు ఎప్పుడు మాన్పించాలి అనే టెన్షన్

పసిపిల్ల ఉన్న ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ డాక్టర్లే. "ఇంకా పాలిస్తున్నావా?" అని ఒకరు, "అప్పుడే మాన్పించేశావా?" అని ఇంకొకరు. తల్లిని మాత్రం ఎవరూ అడగరు, నీకెలా ఉందమ్మా అని.

అసలు గందరగోళం ఎక్కడొస్తోందంటే, పై ఆహారం మొదలుపెట్టడాన్నీ పాలు మాన్పించడాన్నీ ఒకే పని అనుకోవడం దగ్గర. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పుట్టిన గంటలోపే పాలు పట్టమని, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దని (డాక్టర్ రాసిన చుక్కలు, మందులు వేరే సంగతి, మంచినీళ్లు కూడా వద్దనే), ఆ తర్వాత ఆహారం పెడుతూనే రెండేళ్లు, ఇష్టముంటే ఆపైన కూడా పాలివ్వమని. అంటే ఈ రెండు పనులకీ మధ్య ఏడాదిన్నర ఉంది! అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం ఒకప్పుడు ఏడాది లేదా ఆపైన అనేది, 2022లో వాళ్లూ రెండేళ్ల మాటకే వచ్చారు.

ఆరు నెలలే ఎందుకంటే, పుట్టేటప్పుడు బిడ్డ ఒంట్లో ఉన్న ఐరన్ నిల్వ దాదాపు అప్పటికి కరిగిపోతుంది, పాలలో ఉండే ఐరన్ చాలా తక్కువ. కాబట్టి పప్పు, గుడ్డు, మాంసం లాంటివి మెత్తగా చేసి త్వరగానే అలవాటు చేయాలి. మెడ నిలిపి, ఆసరాతో కూర్చుని, మన ప్లేటు వైపు చేయి చాస్తుంటే బిడ్డ సిద్ధంగా ఉన్నట్టే. మొదటి చెంచా సగం గడ్డం మీదే ఉంటుంది, నాలుక దాన్ని బయటికే నెడుతుంది, మూతి అష్టవంకర్లు పోతుంది. నచ్చలేదని కాదు, మింగడం ఇంకా రాలేదంతే. నాలుగు రోజులు ఆగి మళ్లీ పెట్టండి. తేనె మాత్రం ఏడాది దాకా నాకించొద్దు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

"ఏడాది దాటితే పాలు నీళ్లయిపోతాయి" అనే మాట నేను విన్నన్నిసార్లు ఇంకేదీ వినలేదు. ఉత్తి మాట. రెండో ఏడాదిలో కూడా బిడ్డకి కావాల్సిన శక్తిలో మూడో వంతు దాకా పాలే ఇవ్వగలవు, రోగనిరోధక శక్తినిచ్చే పదార్థాలూ అందులో ఉంటాయి. జ్వరం వచ్చి ముద్ద ముట్టని రోజున ఆ పాలే ఆధారం.

సరే, మాన్పించాలనుకున్నారు. ఉద్యోగం కావచ్చు, ఒంట్లో ఓపిక లేకపోవడం కావచ్చు, ఇక చాలనిపించడం కావచ్చు, అదేమీ తప్పు కాదు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఏడాది లోపే మాన్పిస్తే మాత్రం ఆవుపాలు, గేదెపాలు ప్రధానంగా పట్టకుండా ఫార్ములా పాలు ఇవ్వాలి.

చేదు రాసి ఒక్కరాత్రిలో మాన్పించే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. బిడ్డ బెదిరిపోవడం ఒకటి, తల్లి రొమ్ములు రాయిలా గట్టిపడి నరకం చూడటం ఇంకొకటి. పగటిపూట బిడ్డ పెద్దగా పట్టించుకోని ఒక పాలపూటని ముందు తీసేయండి, కొన్ని రోజులాగి ఇంకోటి. అడిగితే ఇవ్వండి, మీరుగా పిలిచి ఇవ్వకండి. నిద్రకి ముందు పట్టే పాలు చాలామంది పిల్లలు చివరిదాకా వదలరు, ఆ పూటకి నాన్న పక్కన పడుకుంటే కొంత తేలిక. (నాన్నలకి ఇది చదివి వినిపించండి.)

మధ్యలో బరువెక్కితే నొప్పి తగ్గేంత మటుకే పిండండి, మొత్తం ఖాళీ చేస్తే ఒళ్లు మళ్లీ అంత పాలూ తయారుచేస్తుంది. చన్నీళ్ల గుడ్డ వేస్తే హాయిగా ఉంటుంది. ఒకచోట ఎర్రబడి, చలిజ్వరం వస్తే మాత్రం ఇంటి చిట్కాలతో రోజులు గడపకుండా డాక్టర్‌కి చూపించుకోండి.