సెలవుల్లో బేతాళుడి ప్రశ్న

ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సాగే వేసవి సెలవుల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేత ఏం చదివించాలని అడిగేవారికి నేను ముందుగా చెప్పేది పాత చందమామ సంచికల గురించే. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలోని బేతాళ కథలు ఈ వయసుకు చక్కగా సరిపోతాయి. సమాధానం తెలిసి కూడా చెప్పకపోతే తల పగిలిపోతుందని బేతాళుడు బెదిరించగానే పుస్తకం పక్కన పెట్టి, విక్రమార్కుడి కన్నా ముందు పిల్లలను తీర్పు చెప్పనివ్వాలి. రాజుగారి జవాబు వారికి నచ్చకపోతే మరీ మంచిది (కొన్ని జవాబులు నాకూ మింగుడుపడవు), ఎందుకంటే వాదించడానికి ఆధారాలు వెతుక్కుంటూ ఆ కథనే రెండోసారి, మరింత శ్రద్ధగా చదువుతారు.

ఇంగ్లిషు మాధ్యమంలో చదువుతూ ఒత్తుల దగ్గర తడబడే పిల్లలకు మొదటి పేజీని పెద్దవారే పైకి చదివి వినిపించడం మేలు. చదివిన ప్రతి కథకూ సారాంశం రాయించడం మాత్రం సెలవులను హోంవర్కుగా మార్చడమేనని నా అభిప్రాయం.

నవ్వుకోవాలనుకునే వారికి ముళ్లపూడి వెంకటరమణ రాయగా బాపు బొమ్మలు వేసిన బుడుగు ఉండనే ఉంది, కాకపోతే అందులోని మాటల తీరు గొంతెత్తి చదివినప్పుడే పండుతుంది.