పాకాల నీళ్లు, యూరోపా నీళ్లు

సంక్రాంతి సెలవులకు నర్సంపేట దగ్గర అక్క వాళ్లింటికి వెళ్లాను. రాత్రి కరెంటు పోయింది, డాబా ఎక్కితే తూర్పున గురుగ్రహం ఎంతలా వెలుగుతోందంటే చుట్టుపక్కల చుక్కలన్నీ వెలవెలబోయాయి. బైనాక్యులర్ పిట్టగోడకు ఆనించి చూస్తే దాని పక్కనే వరుసగా నాలుగు సన్నటి చుక్కలు. గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామలు, 1610లో గెలీలియో చూసినవే! మేనకోడలికి చూపిస్తే "మామా, అండ్ల ఎవరన్న ఉంటరా?" అంది.

వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. వాటిలో ఒకటి యూరోపా, మన చందమామ కంటే కాస్త చిన్నది, పైనంతా మంచు, కానీ గురుగ్రహం ఆకర్షణకు లోపలంతా నలిగి వేడి పుడుతుంది కాబట్టి ఆ మంచు కింద ఉప్పునీటి సముద్రం ఉందని శాస్త్రవేత్తలు గట్టిగా నమ్ముతున్నారు, భూమ్మీది సముద్రాలన్నిటికీ రెండింతల నీళ్లని అంచనా. పొద్దున పాకాల చెరువు చూసి "ఇన్ని నీళ్లా" అన్న పిల్ల ఇది విని కాసేపు మాట్లాడలేదు.

ఎండ తగలని చోట బతుకెలా అనుకుంటాం. కానీ 1977లో పసిఫిక్‌లోని గాలపాగస్ దీవుల దగ్గర సముద్రం అడుగున, కటిక చీకట్లో, వేడినీటి ఊటల చుట్టూ రసాయనాల ఆధారంగా బతికే జీవులు కనిపించాయి. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

యూరోపాను చూడ్డానికి నాసా పంపిన వ్యోమనౌక యూరోపా క్లిప్పర్ 2024 అక్టోబర్‌లో బయలుదేరింది, 2030లో గురుగ్రహం దగ్గరికి చేరుతుంది. అది నేరుగా జీవాన్ని వెతకదు, బతికే వీలుందా అని చూస్తుంది. ఈ తేడా పిల్లలకు తప్పకుండా చెప్పాలి.

"అప్పటికి నేను టెన్త్‌ల ఉంట" అని వేళ్లు లెక్కబెట్టింది. కరెంటు వచ్చినా ఇద్దరం కిందికి దిగలేదు.