కూలిందా, కూల్చారా

శనివారం. గరాజ్ సర్దుదామని పొద్దున్నే మొదలుపెట్టాను, మధ్యాహ్నం రెండింటికి కూడా సగం కాలేదు. వాటర్ హీటర్ వెనకాల అట్టపెట్టెలో 2009 నాటి నా నోట్‌బుక్ దొరికింది. ఇక చీపురు పక్కన పెట్టేసి అక్కడే స్టూల్ మీద కూర్చుండిపోయాను.

అప్పట్లో అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో అద్దెకుండేవాళ్ళం. జనవరిలో ఒక పేజీ: "ఈయన ఉద్యోగం పోయింది." ఫిబ్రవరిలో: "ఎదురింటివాళ్ళ ఇల్లు పోయింది." ఇంకో చోట: "బ్యాంకులు కూలిపోయాయి, మార్కెట్ పడిపోయింది, ఎప్పుడు లేస్తుందో ఏమిటో." పేజీలు తిప్పుతుంటే అన్నీ ఇవే మాటలు. పోయింది, కూలింది, పడింది. వాన పడ్డట్టు, చెట్టు కూలినట్టు రాశాను. ఎవరో పోగొట్టారనీ, ఎవరో కూల్చారనీ ఒక్క వాక్యమైనా లేదు. అప్పుడు నాకు అలాగే అనిపించింది మరి.

నిన్న రాత్రి భోజనాలయ్యాక స్నేహితుల ఇంట్లో, 2008 ఆర్థిక సంక్షోభం ఎవరి తప్పని ఇదే గొడవ జరిగింది కాబట్టి ఇవాళ ఇది నన్ను మరీ పట్టుకుంది. ఒకాయన, 2008లో కుర్చీలో ఉన్నది బుష్, కాబట్టి అది రిపబ్లికన్ల పాపమే అంటాడు. ఇంకొకాయన, చట్టాల మీద సంతకాలు పెట్టింది క్లింటన్ కదా, డెమొక్రాట్లే మొదలుపెట్టారు అంటాడు. ఇద్దరూ గొంతు పెంచారు. నేను గిన్నెలు సర్దుతూ వింటున్నాను. ఇద్దరూ చెప్పినవి నిజాలే, కానీ సగం సగం. ఒకరి సగం ఇంకొకరి సగాన్ని కొట్టేస్తున్నట్టు మాట్లాడుకున్నారు, రెండూ కలిపితే వచ్చే లెక్క మాత్రం ఎవరూ వెయ్యలేదు.

ఆ లెక్క ఏమంత రహస్యం కాదు, తేదీలతో సహా ఉంది. జనం దాచుకున్న డబ్బు ఉండే బ్యాంకులూ, షేర్లూ బాండ్లూ ఆడే బ్యాంకులూ వేరువేరుగా ఉండాలని 1933లో గ్లాస్-స్టీగల్ చట్టం తెచ్చారు. మహామాంద్యం చూసినవాళ్ళు కట్టిన గోడ అది. 1999 నవంబర్‌లో గ్రామ్-లీచ్-బ్లైలీ చట్టంతో దాన్ని తీసేశారు. సెనేట్‌లో 90 మంది సరేనన్నారు, 8 మంది వద్దన్నారు. ప్రతినిధుల సభలో 362 మంది సరేనన్నారు, 57 మంది వద్దన్నారు. బిల్లు తెచ్చిన ముగ్గురూ రిపబ్లికన్లు, సంతకం పెట్టింది డెమొక్రాట్ అధ్యక్షుడు. ఆ ఎనిమిది మందిలో ఒకరు, నార్త్ డకోటా సెనేటర్ బైరన్ డోర్గన్, పదేళ్ళ తర్వాత వెనక్కి చూసి ఇది చెయ్యకుండా ఉండాల్సిందని అనుకుంటామని సెనేట్‌లోనే చెప్పాడు. పదేళ్ళు కూడా పట్టలేదు.

అయితే 1999 ఒక్కదాని మీదే అంతా తోసెయ్యడం నాకు సరిగ్గా అనిపించదు. 2008లో దివాలా తీసిన పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ అసలు డిపాజిట్లు తీసుకునే మామూలు బ్యాంకే కాదు, ఆ గోడ ఉన్నా అది అలాగే మునిగేది. నన్ను అడిగితే అంతకన్నా పెద్ద తప్పు 2000 డిసెంబర్‌లో జరిగింది. కమోడిటీ ఫ్యూచర్స్ చట్టాన్ని ప్రభుత్వ ఖర్చుల బిల్లుకి తగిలించి ఆమోదించేశారు. బ్యాంకులూ కంపెనీలూ తమలో తాము రాసుకునే డెరివేటివ్‌ల మీద, అంటే దేని ధరో పెరుగుతుందనో పడుతుందనో కట్టే పందెం లాంటి ఒప్పందాల మీద, ఎవరి పర్యవేక్షణా అక్కర్లేదని దాని సారాంశం. జూదం చట్టాల కింద రాష్ట్రాలు పట్టుకోకుండా కూడా అడ్డం పెట్టారు. ఇన్సూరెన్స్ కంపెనీ ఏఐజీ చేసింది ఆ నీడలోనే. ఇంటి లోన్లను మూటకట్టి చేసిన బాండ్లు మునిగితే మేం డబ్బు కడతామని మాటిచ్చింది, అది ఇన్సూరెన్స్ లాంటిదే, కానీ పేరు ఇన్సూరెన్స్ కాదు కాబట్టి దానికి తగ్గ డబ్బు పక్కన పెట్టాల్సిన పని లేకపోయింది. 2008 సెప్టెంబర్ 15న లేమన్ దివాలా తీసింది, మర్నాడే ఏఐజీకి అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) 8,500 కోట్ల డాలర్లు సర్దాల్సి వచ్చింది.

దీని గురించి ముందే హెచ్చరించిన ఆవిడ పేరు బ్రూక్స్లీ బోర్న్. ఫ్యూచర్స్ మార్కెట్లని పర్యవేక్షించే కమోడిటీ ఫ్యూచర్స్ కమిషన్‌కి అధ్యక్షురాలు. ఈ డెరివేటివ్‌ల సంగతి పరిశీలించాలని 1998 మే నెలలో ఒక పత్రం బయటపెట్టిందంతే, నిబంధనలు కూడా కాదు, ప్రశ్నలు. ఫెడ్ అధిపతి గ్రీన్‌స్పాన్, ట్రెజరీ కార్యదర్శి రూబిన్, సెక్యూరిటీల కమిషన్ అధిపతి లెవిట్ ముగ్గురూ కలిసి ఆవిడని బహిరంగంగా వ్యతిరేకించారు. ఆ సెప్టెంబర్‌లోనే లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే ఫండ్ సరిగ్గా అలాంటి పందేలతోనే మునిగింది, న్యూయార్క్ ఫెడ్ పెద్ద బ్యాంకుల్ని కూర్చోబెట్టి డబ్బు పెట్టించి దాన్ని నిలబెట్టింది. కళ్ళ ముందు రుజువు కనిపించాక కూడా కాంగ్రెస్ ఆవిడ కమిషన్ చేతులే కట్టేసింది. ఆవిడ 1999లో వెళ్ళిపోయింది. ఇది ఎప్పుడు చదివినా నా కడుపు మండుతుంది.

ఇక ఇళ్ళ లోన్లు. మోసపు లోన్లను ఆపే అధికారం కాంగ్రెస్ 1994లోనే ఫెడ్‌కి ఇచ్చింది. దాన్ని వాడి అందరికీ వర్తించే గట్టి నిబంధనలు తెచ్చింది 2008 జులైలో! పద్నాలుగేళ్ళు. అందులో పదకొండేళ్ళకు పైగా కుర్చీలో ఉన్న గ్రీన్‌స్పాన్‌ని మొదట నియమించింది రీగన్, తర్వాత కొనసాగించింది పెద్ద బుష్, క్లింటన్, చిన్న బుష్. నలుగురు అధ్యక్షులు, రెండు పార్టీలు. చిన్న బుష్ కాలంలో, 2003లో, పొదుపు బ్యాంకుల్ని పర్యవేక్షించాల్సిన ఆఫీసు అధిపతి నిబంధనల కాగితాల కట్ట ముందు చెట్లు కోసే రంపం పట్టుకుని ఫోటో దిగాడు. ఆ ఆఫీసు చూడాల్సిన వాషింగ్టన్ మ్యూచువల్ 2008 సెప్టెంబర్‌లో మునిగింది, అమెరికా చరిత్రలో అంత పెద్ద బ్యాంకు ఇంకోటి మునగలేదు.

మా ఎదురింటివాళ్ళది కూడా అలాంటి లోనే. మొదటి రెండేళ్ళు తక్కువ వడ్డీ, మిగతా ఇరవై ఎనిమిదేళ్ళు మార్కెట్‌తో పాటు పెరిగేది. ఆయన టైల్స్ పనిచేసేవాడు. రెండేళ్ళయ్యేసరికి వాయిదా పెరిగింది, అదే సమయానికి కొత్త ఇళ్ళు కట్టడం ఆగి పని లేకుండా పోయింది. ఇల్లు అమ్ముదామంటే ఆ ఊళ్ళో ధరలు సగానికి పైగా పడిపోతున్నాయి. ఒక ఆదివారం అద్దె ట్రక్కు వచ్చింది. ఆ తర్వాత నెలల తరబడి వాళ్ళ పూల్‌లో నీళ్ళు ఆకుపచ్చగా తిరిగి, ఎండి, అడుగు కనిపించేది. పేదవాళ్ళకి లోన్లిచ్చి ముంచారని నిన్న ఒకాయన తేలిగ్గా అనేసినప్పుడు నాకు ఆ పూలే గుర్తొచ్చింది. ఆ ఎదురింటాయన సంతకం పెట్టాడు, నిజమే. తన సంతకం ఖరీదు ఆయన కట్టాడు కూడా.

మాకు అంత జరగలేదు, కానీ ఆ టెన్షన్ ఇప్పటికీ తలుచుకోలేను. హెచ్1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉండగా ఉద్యోగం పోతే ఇప్పుడు 60 రోజుల గడువుంది, ఆ నిబంధన 2017లో వచ్చింది. అప్పుడు అదీ లేదు. ఈయన రాత్రంతా ఫోన్లు చేసేవాడు, నేను సూట్‌కేసులు దించి పెట్టాను. మూడో వారంలో ఇంకో ప్రాజెక్టు దొరికింది.

2008 అక్టోబర్‌లో కాంగ్రెస్ కమిటీ ముందు గ్రీన్‌స్పాన్ తన ఆలోచనలో లోపం ఉందని ఒప్పుకున్నాడు. ఆ మాట అనడానికి ధైర్యం కావాలి, కాదనను. కానీ ఒప్పుకున్నాక ఏమైంది? 2011 జనవరిలో విచారణ కమిషన్ ఈ సంక్షోభాన్ని తప్పించి ఉండొచ్చని తేల్చింది. పది మంది సభ్యుల్లో ఆ నివేదికకి మద్దతిచ్చింది డెమొక్రాట్లు నియమించిన ఆరుగురే, మిగతా నలుగురూ విడిగా రాసుకున్నారు. బాధ్యత ఎవరిదో తేల్చడం కూడా పార్టీ లెక్కే అయిపోయింది.

ఆ మధ్యలో 2010లో డాడ్-ఫ్రాంక్ చట్టం వచ్చింది, మళ్ళీ కొంత గోడ కట్టారు. 2018లో దానికీ కన్నం పెట్టారు. గట్టి పర్యవేక్షణ 5,000 కోట్ల డాలర్ల బ్యాంకు నుంచి మొదలవ్వాలన్నదాన్ని 25,000 కోట్లకు పెంచారు. సంతకం ట్రంప్‌ది, సెనేట్‌లో ఓటేసినవాళ్ళలో పదిమందికి పైగా డెమొక్రాట్లున్నారు. 2023 మార్చిలో మునిగిన సిలికాన్ వ్యాలీ బ్యాంకు సరిగ్గా ఆ రెండు అంకెల మధ్యే ఉంది. నిన్న ఈ సంగతి ఎత్తుదామనుకున్నాను, అప్పటికే అందరూ చెప్పులు వేసుకుంటున్నారు.

"ఏంటి, ఇంకా ఆ పెట్టె దగ్గరే ఉన్నావా?" అంటూ ఈయన టీ తెచ్చిచ్చాడు. నోట్‌బుక్ చేతికిస్తే నిలబడే రెండు పేజీలు చదివాడు.

"ఎదురింటి పిల్లాడు మనబ్బాయితో ఆడుకోవడానికి వచ్చేవాడు కదా," అన్నాడు, "పేరేంటి వాడిది?"

నాకు గుర్తు రాలేదు. టీ చల్లారేదాకా వెతికాను. ఈయన ఫోన్ చేసిన కంపెనీలన్నీ వరసగా రాసి ఉన్నాయి, వాడి పేరు మాత్రం ఎక్కడా రాసుకోలేదు.